సరుకును కప్పడం, కట్టడం: రవాణా చరిత్రలో బరకం, తాడు

పరిచయం

రవాణా చరిత్ర అనగానే ఇంజన్లు, రహదారులు, వంతెనలు గుర్తుకొస్తాయి. కాని సరుకు తడవకుండా, దారిలో జారిపడకుండా గమ్యం చేరాలంటే పైన కప్పిన బరకం, దాన్ని బిగించిన తాడు కూడా కావాలి. ఈ సాధనాలు ఎలా మారాయో, కప్పడానికీ కట్టడానికీ మధ్య తేడా ఎందుకు ముఖ్యమో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. ఓడ నుంచి రైలుకు

'టార్పాలిన్' అనే ఇంగ్లీషు మాట 17వ శతాబ్దంలో వాడుకలో ఉంది. తారు అనే అర్థమిచ్చే 'టార్', కప్పే గుడ్డ అనే అర్థమిచ్చే 'పాల్' కలిసి ఇది ఏర్పడిందని భావిస్తారు. తారు పూసిన ఈ గుడ్డ ఓడలపై ఎంత సాధారణమంటే, ఆ కాలంలో నావికుణ్ని కూడా అదే పేరుతో పిలిచేవారు.

1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైంది. బ్రిటన్‌లో సరుకు పెట్టెలు చాలావరకు పైకప్పు లేనివే. అందువల్ల రైల్వే కంపెనీలు సరుకుపై బరకాలు కప్పి తాళ్లతో కట్టించేవి. బరకం ఇతర కంపెనీల మార్గాల్లోకి వెళ్లినా తిరిగి చేరేలా దానిపై కంపెనీ గుర్తు, క్రమసంఖ్య వేసేవి. తడి కాన్వాసును అలాగే మడిచి ఉంచితే బూజు పట్టి కుళ్లుతుంది. కాబట్టి బరకాలను ఆరబెట్టి, మరమ్మతు చేసి భద్రపరచడం ప్రత్యేకమైన పనిగా మారింది.

2. నార నుంచి పాలిస్టర్‌కు

నారతాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది. వానలో బిగించిన కట్టు ఎండలో సడలడానికి కారణం ఇదే. 1935లో రూపొందిన నైలాన్ బలమైనదే కాని ఎక్కువగా సాగుతుంది. అందుకే సరుకు బిగించడానికి తక్కువ సాగే పాలిస్టర్ పట్టీలు వ్యాప్తిలోకి వచ్చాయి. పాలిథిన్ బరకం తేలికైనది, కుళ్లదు. అయితే ఎక్కువకాలం ఎండ తగిలితే పెళుసుబారుతుంది. అంటే కాన్వాసుకు తేమ శత్రువైతే, పాలిథిన్‌కు ఎండ శత్రువు. నిల్వ పద్ధతి కూడా దానికి తగినట్టే మారింది.

3. చట్టం దృష్టిలో

బరకం సరుకును వాన నుంచి కాపాడుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు కదలకుండా ఆపడం కట్టు పని. అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, కట్లన్నిటి పనిభార పరిమితి మొత్తం కలిపి సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. ఉదాహరణకు, 10 టన్నుల సరుకుకు కనీసం 5 టన్నుల సామర్థ్యం గల కట్లు కావాలి.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 194(1ఎ) ఉపవిభాగాన్ని చేర్చింది. సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కు లేదా అనుమతించిన ఎత్తుకు మించి పొడుచుకు వస్తే రూ. 20,000 జరిమానా విధించవచ్చు. నడిపినవారితో పాటు నడిపించినవారికి, నడపనిచ్చినవారికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే ఈ ఉపవిభాగం సరుకు హద్దులను కొలుస్తుందే తప్ప కట్టు బలాన్ని కాదు.

సారాంశం

బరకం చరిత్ర ప్రధానంగా సరుకు విలువను కాపాడుకునే చరిత్ర. కట్టు చరిత్రలో దారిన పోయేవారి ప్రాణాలు కూడా చేరతాయి. ఆ బాధ్యత డ్రైవరు, క్లీనరులదే కాక లారీ నడిపించే యజమానిది కూడా అని చట్టం గుర్తించడం ఈ పరిణామంలో ముఖ్యమైన అంశం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రైల్వే కంపెనీలు బరకాలపై క్రమసంఖ్యలు ఎందుకు వేశాయి?
2. కప్పడం, కట్టడం వేర్వేరు పనులని ఉదాహరణలతో వివరించండి.