నాలుగు ‘ఎఫ్’ల బిళ్ల

కోటు మడతకు గుచ్చుకునే చిన్న లోహపు బిళ్ల. తెల్లటి ఎనామిల్ మీద నాలుగు ఎర్రటి ‘ఎఫ్’ అక్షరాలు సిలువ ఆకారంలో కూర్చి ఉంటాయి. జర్మన్ వ్యాయామ సంఘాల పాత బ్యాడ్జీలు సేకరించేవారికి ఇది బాగా ఎరిగిన గుర్తు. రంగుల మెరుపు చూసి కొనేవాళ్లున్నారు. కానీ అసలు కథంతా అక్షరాల్లోనే ఉంది.

1811లో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ బెర్లిన్ దగ్గర హాజెన్‌హైడేలో ఆరుబయట కసరత్తు మైదానం తెరిచాడు. నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యా యువతకు ఒంట్లో బలం, గుండెల్లో దేశాభిమానం నింపాలన్నది ఆయన తపన. కుర్రాళ్లు అలా గుంపుగూడటం పాలకులకు కంటగింపైంది. 1819లో యాన్‌ను అరెస్టు చేశారు. 1820 నుంచి 1842 దాకా ప్రష్యాలో ఈ కసరత్తులపై నిషేధం నడిచింది.

నిషేధం పోయాక సంఘాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. రాగి పలకల మీద బొమ్మలు చెక్కే డార్మ్‌స్టాట్ కళాకారుడు యోహాన్ హైన్రిష్ ఫెల్సింగ్ ఈ సిలువను రూపొందించింది 1840లలోనే. ఉత్సాహం, భక్తి, ఆనందం, స్వేచ్ఛ: సంఘాల నినాదంలోని ఈ నాలుగు మాటలూ జర్మన్‌లో ‘ఎఫ్’తోనే మొదలవుతాయి.

అయితే ఆ సిలువ అందరిదీ కాలేదు. 1893లో గేరాలో కార్మికులు సొంత సమాఖ్య పెట్టుకున్నారు. నినాదంలోంచి భక్తినీ ఆనందాన్నీ తీసేసి బలం, విశ్వాసం చేర్చారు. ‘గూట్ హైల్’ అనే పాత పలకరింపు మాని ‘ఫ్రై హైల్’ అనుకున్నారు. 1933లో నాజీలు ఆ కార్మిక సంఘాలను నిషేధించి ఆస్తులు జప్తు చేశారు. అదే ఏడాది, నాలుగు ‘ఎఫ్’ల నినాదాన్నే అట్టిపెట్టుకున్న పాత సంఘాల సమాఖ్య తన యూదు సభ్యులను వెళ్లగొట్టింది. ఈ సంగతులు తెలియకుండా బిళ్లలు పోగేయడం సగం సేకరణే.

తయారీ ఓపికతో కూడిన పని. ఉక్కు అచ్చుతో లోహం మీద బొమ్మ కొట్టి, పల్లాల్లో రంగు గాజు పొడి నింపి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. గాజు కరిగి లోహాన్ని పట్టుకుంటుంది. ఆపైన సానపట్టి నునుపు చేస్తారు. అసలైన ఎనామిల్ గోటికి గాజులాగే గట్టిగా తగులుతుంది. కిందపడితే మాత్రం అంచున పెచ్చు లేస్తుంది.

కొత్తవారు తరచూ బోల్తాపడేది సంవత్సరం దగ్గర. బిళ్ల మీద ‘1860’ అని ఉంటే అది సాధారణంగా సంఘం పుట్టిన ఏడాదే, బిళ్ల తయారైన ఏడాది కాదు. మ్యూనిక్ ఫుట్‌బాల్ జట్టు పేరులోని 1860 కూడా అలా వ్యాయామ సంఘం నుంచి వచ్చిందే. వయసు తేల్చాలంటే బిళ్లను తిప్పి, వెనక పిన్ను అమరికనూ తయారీదారు ముద్రనూ చూడాలి.