జకార్తా 1962: జాతీయతలో హాస్యానికి చోటు

1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో భారత జట్టు 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణపతకం సాధించింది. తలకు కట్టుతోనే ఆడిన జర్నయిల్ సింగ్ రెండవ గోలు చేశారు. జట్టు శిక్షకులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన జీవితం ఆధారంగా 2024లో అమిత్ శర్మ దర్శకత్వంలో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చింది. దర్శకుడు ఈ వృత్తాంతాన్ని వీర, కరుణ రసాలలో నడిపారు. కానీ ఇందులోని చారిత్రక సామగ్రి హాస్యానికే ఎక్కువ అనువైనది.

అనౌచిత్యం నుండి హాస్యం పుడుతుందని అభినవగుప్తుని వివరణ. జకార్తాలో అనౌచిత్యానికి కొదవ లేదు. 1955లో బాండుంగ్ సదస్సుకు ఆతిథ్యమిచ్చి నెహ్రూకు స్నేహహస్తం చాచిన ఇండోనేషియా, ఈ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అటువంటప్పుడు వీటికి ‘ఆసియా క్రీడలు’ అన్న పేరు తగదని ఆ క్రీడల వ్యవస్థాపకులలో ప్రముఖులైన గురుదత్ సోంధి వాదించారు. ఫైనల్‌కు ముందురోజు జనసమూహం భారత రాయబార కార్యాలయంపై దాడి చేసింది. మాట అన్నది సోంధి; స్టేడియంలో గేలిని భరించింది ఆటగాళ్లు. అదే స్టేడియంలో భారత జట్టును ప్రోత్సహిస్తూ కేకలు వేసినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని నాటి భారత క్రీడాకారులు తరువాత గుర్తుచేసుకొన్నారు. హాకీ ఫైనల్‌లో భారత్‌ను 2-0తో ఓడించినవారు వారే! మిత్రదేశం వెక్కిరించగా ప్రత్యర్థి అండగా నిలిచిన ఈ తారుమారును మించిన హాస్యవిభావం అరుదు.

రహీం నేపథ్యం కూడ ఇటువంటిదే. 1948 సెప్టెంబరులో సైనికచర్యతో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. రెండేళ్లకు, ఉపాధ్యాయులైన రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. విలీనమైన సంస్థానమే దేశపు జట్టుకు ఆటగాళ్లను అందించింది. కలకత్తా, హైదరాబాదుల మధ్య పోటీని ‘మైదాన్’ ఒక పత్రికా రచయిత ప్రతినాయకత్వంగా కుదించింది. ప్రతినాయకుడు దొరికాక దేశమంటే ఎవరన్న ప్రశ్న కథలో నిలవదు.

హాస్యం ఆ ప్రశ్నను అంత తేలికగా వదలదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం నేషనల్ కాంగ్రెసు గురించి దంచిన ఉపన్యాసమంతా విన్న బండివాడు, తమ ఊరి హెడ్ కానిస్టేబులు బదిలీ ఎప్పుడని అడుగుతాడు. గురజాడ అక్కడ జాతీయోద్యమాన్ని తిరస్కరించలేదు. అది ఎవరి దాకా చేరిందో కొలిచి చూపారు. జకార్తా గ్యాలరీలకు అటువంటి కొలత పెట్టే అవకాశాన్ని చిత్రం వినియోగించుకోలేదు.

చిత్రం కరుణాన్ని ఆశ్రయించడానికి ఆధారం లేకపోలేదు. జకార్తా విజయం తరువాత ఏడాదైనా తిరగకముందే, 1963 జూన్ 11న, రహీం కాన్సరుతో మరణించారు.