పక్షుల సామూహిక మరణాలు

రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పునీటి సరస్సులో 2019 నవంబరులో వేలాది పక్షులు చనిపోయాయి. వాటిలో వలస పక్షులే ఎక్కువ. మొదట బర్డ్ ఫ్లూ అనుకున్నారు. పరీక్షల్లో అది కాదని తేలింది. బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థ బాట్యులిజం అని నిర్ధారించింది. క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా గాలి ఆడని బురదలో, కుళ్లిన కళేబరాల్లో పెరిగి విషం విడుస్తుంది. కళేబరంలోని పురుగులను ఆ విషం ఏమీ చేయదు. వాటిని తిన్న పక్షికి కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి, మెడ వాలిపోతుంది, చాలాసార్లు నీళ్లలోనే మునిగి చస్తుంది. మళ్లీ దాని మీద పురుగులు. అందుకే కళేబరాలను వెంటనే ఏరి పూడ్చడమే అసలైన నివారణ.

రోగం లేకుండానూ పక్షులు రాలతాయి. 2010 డిసెంబరు 31 రాత్రి అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రం, బీబీ పట్టణంలో బాణసంచా మోతకు బెదిరిన బ్లాక్‌బర్డ్‌లు చీకట్లో ఇళ్లకూ చెట్లకూ గుద్దుకొని చనిపోయాయి. పురుగుమందులు, వడగళ్లు మిగతా కారణాల్లో ముఖ్యమైనవి.