మనసు చదువుకీ మన తండాలకీ ఉన్న పాత లెక్క

ప్రతి ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే జగ్గయ్యపేట, నందిగామ వైపు మన తండాల్లో, ఎస్టీ కాలనీల్లో ఒకటే మాట నడుస్తుంది. బైపీసీ అయితే నర్సింగు, ఎంపీసీ అయితే ఇంజినీరింగు, రెండూ కుదరకపోతే ఊరి దగ్గరి డిగ్రీ కాలేజీ, అదీ కుదరకపోతే సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. ఈసారి మాత్రం ఇద్దరు ముగ్గురు కొత్త ప్రశ్న అడిగారు. "అన్నా, హెల్త్ సైకాలజీ అంట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ కోర్సంట. మనలాంటోళ్ళం చేరొచ్చా?"

చేరొచ్చు తమ్ముడూ, చేరొచ్చు చెల్లీ. సమాధానం అంతే. కానీ ఈ చదువుకీ మన జాతులకీ వందేళ్ళు దాటిన పాత లెక్క ఒకటి ఉంది, అది ఎవరూ చెప్పరు. మేం చదువుకుంటూ అక్కడక్కడా ఏరుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మన గురించి చదవడం మొదలుపెట్టినవాళ్ళు మన మనసు జోలికి రాలేదు, ముందు మన ముక్కులు కొలిచారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచే పరికరాలు పట్టుకుని ఊళ్ళు తిరిగి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. యానాదులు, ఎరుకలు, లంబాడీలు అందరం అందులో ఉన్నాం. ఆ పుస్తకాల్లో పనికొచ్చే సమాచారం లేదనం, మన తాతల ఆచారాలు కొన్ని అక్కడే దొరుకుతాయి కూడా. కానీ చూసే చూపు వేరు. పురుగుని అద్దం కింద పెట్టి చూసినట్టు.

ఆ చూపుకి పక్కనే చట్టం కూడా ఉంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకల కుటుంబాలు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలిసిందే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు అది. నేరం రక్తంలో ఉంటుంది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది అనేది ఆ చట్టానికి పునాది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఒక సైకాలజీ సిద్ధాంతమే, తప్పుడు సిద్ధాంతం. 1952లో చట్టం పోయింది. కానీ ఊళ్ళో దొంగతనం జరిగితే పోలీసు జీపు ముందు ఏ కాలనీకి వస్తుందో మనకి తెలుసు కదా.

ఇంతలో యూనివర్సిటీల్లో సైకాలజీ తన దారిన తను పెరిగింది. మన దేశంలో మొదటి శాఖ 1916లో కలకత్తాలో, ఎన్.ఎన్. సేన్‌గుప్తా చేతుల మీదుగా. తర్వాత 1924లో మైసూరు, ఎం.వి. గోపాలస్వామి. 1943లో మద్రాసు, జి.డి. బోయజ్. అప్పటికి మన కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మన బెజవాడలోనే, తర్వాతే వాల్తేరు వెళ్ళింది. యూనివర్సిటీ మన గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళిపోయిందని మా సార్ ఒకాయన నవ్వుతూ అనేవారు. ఆ వాల్తేరులోనే 1960ల చివర్లో కోనేరు రామకృష్ణారావు గారు సైకాలజీకి పారాసైకాలజీని కలిపి శాఖ పెట్టారు. ఆయన అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవారు, తర్వాత అదే యూనివర్సిటీకి వీసీ అయ్యారు. ఎదుటివాళ్ళ మనసులో మాట చెప్పగలమా, కళ్ళు మూసుకుని కార్డు గుర్తుపట్టగలమా అనే పరిశోధనలు అవి. తప్పుపట్టడం లేదు, అప్పటి ఆసక్తి అది. కాకపోతే మునేటి ఒడ్డున చేపలు పట్టుకునే యానాది పిల్లాడి మనసులో ఏముందో అడగడానికి అప్పటికి ఎవరూ రాలేదు.

మన ఇళ్ళల్లో ఆ మాటే వేరు. ఒంట్లో బాగోకపోతే గాలి సోకింది, దిష్టి తగిలింది, అమ్మవారు పూనింది అనేవాళ్ళు. మనసు బాగోలేదంటే మాత్రం ఎవరూ నోరెత్తరు, ఎత్తితే "ఎర్రగడ్డకి పంపాలి వీడ్ని" అని ఎగతాళి. ఆ భయం వల్లే సైకాలజీ చదువుతానంటే మా ఇళ్ళల్లో కూడా ముందు "పిచ్చోళ్ళ చదువు నీకెందుకురా" అన్నారు. హెల్త్ సైకాలజీ అది కాదని చెప్పడానికి మాకు రెండు పండగలు పట్టింది.

మరి ఏంటది? జబ్బుకీ మనిషి నడతకీ నమ్మకానికీ ఉన్న సంబంధం చదివే చదువు. మందు వేసుకోవాలని తెలిసీ ఎందుకు ఆపేస్తారు, నొప్పిని ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు పడతారు, షుగరు ఉందని తెలిశాక మనిషిలో ఏం జరుగుతుంది, ఇలాంటివి. 1977లో జార్జ్ ఎంగెల్ అనే డాక్టరు ఒక వ్యాసంలో, జబ్బంటే ఒంటి సంగతి ఒక్కటే కాదు, మనసూ చుట్టూ ఉన్న సమాజమూ కలిస్తేనే దాని లెక్క తేలుతుందని రాశాడు. మరుసటి ఏడు 1978లో అమెరికా సైకాలజీ సంఘంలో హెల్త్ సైకాలజీకి విడిగా ఒక విభాగం పెట్టారు. పుస్తకాల్లో పుట్టినరోజు అదే.

కానీ మాకు నచ్చిన కథ అంతకంటే పాతది, రెండు ముక్కలది.

మొదటి ముక్క అమెరికాది. 1950ల్లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ క్షయ ఉందో లేదో చూడ్డానికి ఉచితంగా ఎక్స్‌రేలు తీస్తామంది. అయినా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదు? హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ వంటివాళ్ళు దీని మీద కూర్చున్నారు. నాకు జబ్బు వస్తుందని మనిషి నమ్మాలి, వస్తే ప్రమాదమని నమ్మాలి, పరీక్ష వల్ల లాభం ఉందని నమ్మాలి, దారిలో అడ్డంకులు తక్కువుండాలి, అప్పుడే వస్తాడు అని తేల్చారు. హెల్త్ బిలీఫ్ మోడల్ అని ఇప్పటికీ మొదటి సంవత్సరంలోనే చెప్తారు.

రెండో ముక్క మన పక్క రాష్ట్రానిది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టారు. అక్కడి దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెలు తిరిగి, క్షయ ఉన్నవాళ్ళని వెతికి పట్టుకుని, నీ జబ్బు సంగతి నీకు తెలుసా అని అడిగారు. 1963లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలింది ఏంటంటే, దాదాపు అందరికీ లక్షణాలు తెలుసు. సుమారు సగం మంది అప్పటికే ఆసుపత్రి గడప తొక్కి వచ్చారు కూడా! వాళ్ళ చేతిలో దగ్గు మందు సీసా పెట్టి పంపేశారు.

ఆగి ఒకసారి ఆలోచించండి. అక్కడ ప్రశ్న "జనం ఎందుకు రారు?" ఇక్కడ జవాబు "వచ్చారయ్యా, మీరే వెనక్కి పంపారు." మొదటి ఏడాది ఈ రెండూ పక్కపక్కన చదివినప్పుడు మాలో ఒకరికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఒక ఆసుపత్రిలో "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, మీ వాళ్ళంతా ఇంతే" అని తిట్లు తిని వచ్చిందామె. అది మూడోసారి వెళ్ళడం. ముందు రెండుసార్లు సంగతి ఆ చీటీలో ఎక్కడా లేదు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. మన పశ్చిమ కృష్ణా మెట్టలోనే, తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడై జనం పోతున్నారు. పేపర్లలో చూసే ఉంటారు. నీళ్ళలో సిలికా అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, ఎక్కువగా అన్నది మాత్రం సారా. తాగుతారు కాబట్టి పోతారు అని. తాగనివాళ్ళకీ ఆడవాళ్ళకీ జబ్బు వచ్చినప్పుడు ఆ మాట ఎటు పోయిందో తెలీదు. కృష్ణా నీళ్ళు పైపుల్లో తెచ్చే పని తర్వాత మొదలైంది. మేం చెప్పేదేంటంటే, జబ్బుపడ్డవాడి నడత మీదకే తప్పు తోసేసే సైకాలజీ ఒకటుంది. వాడి నడత చుట్టూ ఉన్న నీళ్ళూ కూలీ డయాలసిస్‌కి పోయే బస్సు ఛార్జీ అన్నీ లెక్కేసే సైకాలజీ ఇంకొకటుంది. రెండిటికీ పేరు ఒకటే. వారానికి రెండుమూడు సార్లు డయాలసిస్‌కి పోయే మనిషి మధ్యలో మానేస్తే మొదటిది "అవగాహన లేదు" అని రాస్తుంది. మనలోంచి ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటే, ఆ రోజు మిరపకోత కూలి పోతుందని కూడా రాస్తారు. అదే తేడా. మేం ఈ చదువు గురించి ఇంత పొడుగు రాయడానికి కారణం కూడా అదే.

ఇప్పుడు కోర్సు సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చింది, ఆరు సూత్రాల పథకంలో భాగంగా. మొదట్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది, తర్వాత గచ్చిబౌలి. పీజీ, పరిశోధన కోసమే పుట్టిన యూనివర్సిటీ అది. ఇంటర్ అవ్వగానే చేరే ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు 2000ల దశకంలోనే వచ్చాయి. అందులో హెల్త్ సైకాలజీ ఎం.ఎస్సీ. ఒకటి, సెంటర్ ఫర్ హెల్త్ సైకాలజీ నడుపుతుంది. డిగ్రీ, పీజీ కలిపి ఒకే అడ్మిషను. 2022 నుంచి ప్రవేశం సీయూఈటీ ద్వారా. కేంద్ర సంస్థ కాబట్టి ఎస్టీలకి 7.5 శాతం సీట్లు. అర్హతలు ఏటా మారొచ్చు, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ మీరే చదవండి, కోచింగు వాళ్ళ మాట నమ్మొద్దు.

ఈ ఒకే అడ్మిషను అనేది మనకి పెద్ద విషయం. మన పిల్లలు ఎక్కువగా జారిపోయేది మెట్టుకీ మెట్టుకీ మధ్యలోనే. డిగ్రీ అయ్యాక పీజీ ఎంట్రన్సుకి ముందు ఆ ఆర్నెల్లలో పెళ్ళో, అప్పో, నాన్న ఆరోగ్యమో ఏదో ఒకటి వచ్చిపడుతుంది. మధ్యలో ఆ సందు లేకపోతే సగం మంది నిలబడతారని మా నమ్మకం. కాకపోతే ఐదేళ్ళు ఊరికి దూరం. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కానీ అది సమయానికి పడదు, మొదటి సెమిస్టరు ఖర్చు చేతిలో పెట్టుకునే వెళ్ళండి. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు ముందే తీసుకోండి. మనది 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా, పాత కాగితాల మీద కృష్ణా అని ఉంటే అడ్రసు దగ్గర ప్రశ్నలు వస్తాయి. ఇంకో మాట, కోదాడ వైపు మన చుట్టాలున్నారు కదా, అక్కడి లంబాడీలని 1976 చట్టంతో ఎస్టీల్లో చేర్చారు, ఆంధ్ర వైపు సుగాలీలు అంతకుముందే జాబితాలో ఉన్నారు. రాష్ట్రం మారితే కాగితం మారుతుంది, చూసుకోండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ డిగ్రీతో మీరు క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. దానికి 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ విడిగా ఉంటుంది, ఆ నిబంధనలు కూడా ఇప్పుడు మారుతున్నాయి. ఆసుపత్రులు, ప్రజారోగ్య సంస్థలు, పరిశోధన, కౌన్సెలింగ్, ఇటువైపు దారులున్నాయి. గవర్నమెంటు నోటిఫికేషన్లు తక్కువ. గ్రూప్స్ రాయడానికి డిగ్రీ పనికొస్తుందా అంటే వస్తుంది.

క్యాంపసు గురించి కూడా. పెద్ద చదువుల్లో మన పిల్లలు ఎలా ఉంటున్నారని 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో అడిగితే, ఎస్సీ ఎస్టీ విద్యార్థులు హాస్టళ్ళలో, భోజనం దగ్గర, పరీక్షల్లో వివక్ష ఉందన్నారు. 2016 జనవరిలో ఇదే హైదరాబాద్ క్యాంపసులో రోహిత్ వేముల పోయాడు. 2019లో ముంబైలో డాక్టరు పాయల్ తడ్వి, మనలాగే ఎస్టీ, తడ్వీ భిల్లుల అమ్మాయి. భయపెట్టడానికి రాయడం లేదు. ఒంటరితనం, అవమానం మనిషి ఆరోగ్యాన్ని ఏం చేస్తాయో చదివే కోర్సుకి వెళ్తున్నారు, దాన్ని ముందు మీ మీదే చూస్తారు, అందుకు రాస్తున్నాం. మొదటి నెలలోనే సీనియర్లని వెతుక్కోండి. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మాలో ఒకరు చేశారు. సిగ్గేం లేదు.

ఇక చివరిగా, సెలవుల్లో మేం చేస్తున్న పని ఒకటి. డిప్రెషన్ ఉందో లేదో చూడ్డానికి ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. గత రెండు వారాల్లో ఈ ఇబ్బందులు ఎన్ని రోజులున్నాయి అని అడుగుతుంది. దాన్ని మన లంబాడీలోకి, కాలనీల్లో మాట్లాడే తెలుగులోకి మార్చుదామని కూర్చున్నాం. నిద్ర ప్రశ్న బాగానే వచ్చింది. ఆకలి ప్రశ్న దగ్గర ఒకామె "తినబుద్ధి కాకపోవడమా, తినడానికి లేకపోవడమా, ఏదడుగుతున్నావు?" అంది, దాన్ని రెండుగా విడగొట్టాం. అలసట ప్రశ్న దగ్గర ఆగిపోయాం. ఫిబ్రవరిలో, మిరపకోతల్లో, వత్సవాయి వైపు ఒక తండాలో పెద్దావిడని "ఈ రెండు వారాల్లో అలసటగా, ఒంట్లో సత్తువ లేనట్టుగా ఎన్ని రోజులుంది యాడీ?" అని అడిగాం. ఆమె చేతులు చూపించింది, మిరప మంటకి ఎర్రగా ఉన్నాయి. "కోతల్లో అలసిపోనిది ఎవత్తిరా?" అంది. ఆ ప్రశ్న ఇంకా కొట్టేసే ఉంది. ఎలా అడగాలో తోచినవాళ్ళు చెప్పండి.