వీరధర్మం: పల్నాడు నుంచి బాసగూడ దాకా

ఆయుధం పట్టినవాడు ఆయుధం లేనివాడి పట్ల పాటించవలసిన కట్టుబాట్లే వీరధర్మం. శరణన్నవాణ్ణి చంపరాదు, రాయబారి మీద చెయ్యి చేసుకోరాదు, ఓడినవాడి ఇంటి ఆడవాళ్ల జోలికీ పిల్లల జోలికీ పోరాదు. ఐరోపాలో 989లో షారూలో సమావేశమైన మతగురువులు పేద రైతుల పశువులను దోచేవాళ్లను వెలివేస్తామని ప్రకటించారు. తర్వాతి కాలపు నైట్ల మర్యాదకు పడిన తొలి పునాదుల్లో అదొకటి. తెలుగునాట ఈ కట్టుబాట్లు శాసనాల్లోనూ వీరగాథల్లోనూ తిరునాళ్లలోనూ నిలిచాయి. పాటించిన సందర్భాలకన్నా తప్పిన సందర్భాలనే జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

పల్నాటి యుద్ధమే అందుకు సాక్ష్యం. 12వ శతాబ్ది చివర కోడిపందెంలో ఓడి అడవుల పాలైన మాచర్ల పక్షం, గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అలరాజును రాయబారం పంపింది. అతను గురజాల రాజు నలగామరాజుకు అల్లుడు కూడా. అతన్ని విషం పెట్టి చంపారని గాథ చెబుతుంది. సంధి ఆశ అక్కడితో పోయింది, కారెంపూడి యుద్ధరంగమైంది. నేటికీ ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో అయిదు రోజుల వీరారాధన జరుగుతుంది. వీరుల వంశీకులు, ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజులకు పేర్లు. గెలిచిన యుద్ధాలకు ఉత్సవాలు ఎక్కడైనా ఉంటాయి. విఫలమైన రాయబారానికి ఒక రోజు కేటాయించడం మాత్రం అరుదు. మందపోరు నాడు కులభేదం లేకుండా సాగే సహపంక్తి భోజనం చాపకూడు, మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడింది.

కాకతీయుల కాలానికి ఈ ధర్మం రాజ్యనీతిలోకీ వచ్చింది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఆ తీరపు రాజులు సొంతం చేసుకోవడం అప్పటి దాకా నడిచిన పద్ధతి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించి దాన్ని మానేశాడు, సుంకం తప్ప మిగతాదంతా వర్తకులదేనని మాట ఇచ్చాడు. ఓడరేవు నిండితే ఖజానాకూ లాభమే, కాదనలేం. అయినా ఆపదలో ఉన్నవాణ్ణి దోచుకోనని రాతి మీద చెక్కించిన రాజుకు ఆ పేరు దక్కాల్సిందే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఈ వంశానికి చెందిన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం.

ఈ ధర్మానికి చీకటి ముఖమూ ఉంది. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం సేనలు బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని సొంతవాళ్లే వాళ్లను చంపుకున్నారు. దీన్ని పౌరుషంగా పాడుకోవడం మనకు అలవాటైంది. చచ్చినవాళ్ల ఇష్టాన్ని అడిగినవాళ్లు లేరు. పరువు పేరుతో ఆడవాళ్ల ప్రాణం తీసే హక్కు మగవాళ్లకు ఉందనుకున్న ధర్మం అది, ఆ భాగం పోవలసిందే. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు పగతీర్చుకోవడానికి విజయనగరం రాజు విజయరామరాజును డేరాలోకి చొరబడి చంపడం కూడా ఎదురెదురు పోరు కాదు.

మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క రాసి సంతకం చేసి మరీ వెళ్లాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులపైనే కాల్పులు జరిపారు. అటువంటి మనిషిని 1924 మే 7న విచారణ అన్నది లేకుండా కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి కాల్చారు. కట్టుబాటు ఎవరు పాటించారో, ఎవరు తప్పారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ప్రశ్న ఇప్పటికీ సజీవంగా ఉన్న చోట్లలో బాసగూడ ఒకటి. తెలంగాణలోని చర్ల వైపు సరిహద్దుకు ఆవల, ఒకప్పటి బస్తర్‌లో భాగమైన ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు. తెలుగుతో పాటు దోర్లీ, గోండీ, హల్బీ వినిపించే ప్రాంతం. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం కొందరు శిబిరాలకు, కొందరు ఖమ్మం జిల్లాకు పారిపోయారు. మావోయిస్టులూ తక్కువ తినలేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై దాడి చేసి నిరాయుధులను చంపారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, నెలకు 3,000 రూపాయలిచ్చి ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఏడాది తిరగకముందే, 2012 జూన్ 28 రాత్రి బాసగూడ పక్కనే ఉన్న సార్కేగూడ దగ్గర భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వాళ్లలో మైనర్లూ ఉన్నారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదన్న జస్టిస్ వి.కె. అగర్వాల్ విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటపడింది.

చట్టం వైపు చూస్తే, 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణ అంతర్యుద్ధాల్లోనూ ఆయుధం దించినవాణ్ణి చంపరాదంటుంది. భారత్ వాటిని 1950లో ఆమోదించింది. అంతర్గత సంఘర్షణలపై 1977లో వచ్చిన రెండో అదనపు ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు.

పాత ధర్మం కనబడిన ఘటన ఒకటి 2021 ఏప్రిల్‌లో బాసగూడ ప్రాంతంలోనే జరిగింది. మూడో తేదీన తర్రెం వైపు అడవిలో మావోయిస్టుల దాడిలో 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు, కోబ్రా జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్ బందీ అయ్యాడు. బందీని విడిపించడానికి 90 ఏళ్లు దాటిన గాంధేయవాది ధరంపాల్ సైనీ, గోండ్వానా సమాజ నాయకుడు తెలం బోరయ్య అడవిలోకి వెళ్లారు. ఎనిమిదో తేదీన గ్రామస్థులందరూ చూస్తుండగా జవాను చేతుల తాళ్లు విప్పి వాళ్లకు అప్పగించారు. వాళ్లతో వెళ్లిన విలేకరుల్లో బాసగూడలో పుట్టిన ముకేశ్ చంద్రాకర్ ఉన్నాడు. జుడుం రోజుల్లో ఊరు వదిలిన కుటుంబం అతనిది. మందుగుండుకూ మనుషులకూ మధ్య నిలబడి మాట్లాడగలగడం ఈ కాలపు వీరత్వమైతే, అది అతని దగ్గర ఉండేది.

2025 జనవరి 1న ముకేశ్ కనిపించకుండా పోయాడు. రోడ్డు పనుల్లో అవినీతిపై వార్త రావడానికి సహకరించినవాడు. మూడో తేదీన బీజాపూర్‌లో ఒక సెప్టిక్ ట్యాంకులో అతని శవం దొరికింది. ప్రత్యేక దర్యాప్తు బృందం అదే ఏడాది మార్చిలో నలుగురిపై అభియోగపత్రం దాఖలు చేసింది.