బాకాలో దాగిన సాక్సఫోన్

పాత జాజ్ రికార్డులు వరసగా వినేవాళ్ళకి రాయ్ ఎల్‌డ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి ఒక సందేహం రాక మానదు. 1930లలో అమెరికాలో ట్రంపెట్ పట్టినవాళ్ళలో చాలామంది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నీడలోనే ఊదారు. స్వరాన్ని నిండుగా పలికించడం, చివర్లో దాన్ని ఊపుతూ వదలడం, తారస్థాయిలో పట్టి నిలబెట్టడం, అన్నీ ఆయన పెట్టిన ఒరవడే. ఎల్‌డ్రిజ్‌ది వేరే నడక. స్వరాలు గుంపులుగా దొర్లుకుంటూ వస్తాయి. పైనుంచి కిందికి జారి, ఊపిరి తిరక్కుండానే మళ్ళీ పైకి ఎగబాకుతాయి. నాదంలో కాస్త గరగర కూడా ఉంటుంది. ఈ నడక ఆయనకి ఎక్కడిది?

ముందు వాద్యాన్నే చూద్దాం. ట్రంపెట్‌కి ఉన్నవి మూడే మీటలు. వాటిని ఎన్ని రకాలుగా నొక్కినా వేరువేరు గొట్టం పొడవులు ఏడుకి మించవు. మిగతా పనంతా పెదవులదే. వేళ్ళు కదలకుండానే పెదవి బిగింపు మారితే స్వరం మారిపోతుంది. అందుకే ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి వేగంగా దూకడం ట్రంపెట్ మీద కత్తి మీద సాము. సాక్సఫోన్‌కి ఆ ఇబ్బంది అంతగా లేదు. వేళ్ళ కింద మీటలు బారులు తీరి ఉంటాయి. బొటనవేలితో ఒక మీట నొక్కితే అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. కాబట్టి సాక్సఫోన్ వాయించేవాళ్ళు పాట కింద నడిచే స్వరగుచ్ఛాలను మెట్లలా ఎక్కుతూ దిగుతూ పోగలరు. ఎల్‌డ్రిజ్ ట్రంపెట్‌లో వినిపించేది సరిగ్గా ఆ ఎక్కడం, దిగడమే.

ఇప్పుడు ఇంటి సంగతి. ఆయన 1911 జనవరి 30న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే డ్రమ్స్‌తో మొదలుపెట్టాడు. ట్రంపెట్ వైపు మళ్ళించింది అన్న జో. ఆ అన్న వాయించేది ఆల్టో సాక్సఫోన్.

ఇది ఒక్కటే అయితే పెద్ద ఆధారమేమీ కాదు. అసలు ఆధారం 1926 నాటి ఒక రికార్డు. ఆ ఏడు ఫ్లెచర్ హెండర్సన్ బృందం ‘ది స్టాంపీడ్’ అనే బాణీ రికార్డు చేసింది. అందులో రెక్స్ స్టువర్ట్ కార్నెట్ మీద నిప్పులు చెరుగుతాడు. కార్నెట్ ట్రంపెట్‌కి తోబుట్టువు, వేళ్ళ పని రెండింటికీ ఒక్కటే. ట్రంపెట్ నేర్చుకునే కుర్రాడి చేతికి ఆ రికార్డు దొరికితే ముందు పట్టుకోవలసింది ఆ కార్నెట్ ముక్కనే. ఎల్‌డ్రిజ్ మాత్రం అదే రికార్డులో కోల్మన్ హాకిన్స్ టెనర్ సాక్సఫోన్ మీద వాయించిన సోలోను పట్టుకుని, దాన్ని మొత్తంగా ట్రంపెట్ మీదికి ఎక్కించుకున్నాడు. పదహారేళ్ళ వయసులో అది వాయించి చూపించే పని సంపాదించాడు. ఆ కుర్రాడు రికార్డు మీద ముల్లు మళ్ళీ మళ్ళీ వెనక్కి పెడుతూ, మీటలకి లొంగని స్వరాలను పెదవులతో లొంగదీసుకోవడం నా కళ్ళకు కడుతూ ఉంటుంది. చిక్కుముడి మొదటి పోగు ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

అయితే మిగతావాళ్ళను కొట్టిపారేయలేం. రెక్స్ స్టువర్ట్ అన్నా, రెడ్ నికల్స్ అన్నా తనకి ఇష్టమని ఎల్‌డ్రిజే చెప్పుకున్నాడు. కుర్రతనంలో జాబో స్మిత్ అనే మెరుపులాంటి ట్రంపెట్ విద్వాంసుడితో పోటీపడి దెబ్బతిన్నాడు కూడా. వేగం మీద మోజు వీళ్ళ దగ్గర పెరిగి ఉండవచ్చు. కానీ స్వరగుచ్ఛాలను అలా విప్పి పరిచే తీరుకి వీళ్ళు చాలరు.

మరి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటేమిటి? ఆయన్ని ఎల్‌డ్రిజ్ ఎదురుగా కూర్చుని విన్నది 1932లో, న్యూయార్క్ లాఫయెట్ థియేటర్‌లో. అప్పటికే తన వేళ్ళకి, పెదవులకి ఒక అలవాటు స్థిరపడిపోయింది. వేగం ఉంది గానీ చెప్పే విషయం లేదని తోటి వాద్యగాళ్ళు అనే రోజులవి. సోలోను చిన్నగా మొదలుపెట్టి, ఆవృత్తం మీద ఆవృత్తంగా పేర్చుకుంటూ శిఖరానికి చేర్చడం ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర ఆయన నేర్చుకున్న పాఠం. అంటే మాటలు హాకిన్స్‌వి, వాటితో కథ చెప్పడం ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచి వచ్చింది.

ఈ లెక్క సరైనదో కాదో రికార్డులే చెప్పాలి. 1937 జనవరిలో షికాగోలో సొంత బృందంతో చేసిన ‘హెక్లర్స్ హాప్’ వినండి. పక్కన ఆల్టో మీద అన్న జో ఉన్నాడు. డ్రమ్స్ మీద జూటీ సింగిల్టన్, 1928లో ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుల్లో తాళం వేసిన మనిషే. రెండు దారులూ ఒకే గదిలో కలిశాయి. ఎల్‌డ్రిజ్ ముందు మధ్యస్థాయిలో సాక్సఫోన్ లాగే అల్లుకుంటూ పోయి, చివరి ఆవృత్తాల్లో తారస్థాయికి ఎగిరి అక్కడి నుంచి దిగడు.

ఆయన జతగాడు చూ బెర్రీ కూడా టెనర్ సాక్సఫోన్ వాయించేవాడే. హార్లెమ్‌లో రాత్రిళ్ళు జామ్ సెషన్లు వెతుక్కుంటూ ఇద్దరూ కలిసి తిరిగేవాళ్ళు. 1938 నవంబరులో ఇద్దరూ చేసిన ‘బాడీ అండ్ సోల్’లో బెర్రీ విలంబంగా, నిమ్మళంగా పాట విప్పుతాడు. ఎల్‌డ్రిజ్ రాగానే నడక రెట్టింపవుతుంది. ఆ మలుపు దగ్గర చెవి పెట్టి వింటే, వాద్యం మారిందే తప్ప పదజాలం మారలేదని తెలుస్తుంది.

1941లో జీన్ క్రూపా బృందంతో చేసిన ‘రాకింగ్ చెయిర్’ మరోవైపు సాక్ష్యం. ఈ పాటను ఆర్మ్‌స్ట్రాంగ్ 1929లోనే, రాసిన హోగీ కార్మైకెల్‌తో కలిసి రికార్డు చేశాడు. అది తెలిసీ అదే పాట ఎత్తుకోవడం సాహసం. ఎల్‌డ్రిజ్ ఇక్కడ వేగం జోలికి పెద్దగా పోడు. పైస్థాయిలో గొంతు చిరిగినట్టు పలికే స్వరాలతో, ఒక్కో వాక్యం బరువు పెంచుకుంటూ పోతాడు. ఆయన వాయించినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పది ఇదే.

చివరి ఆధారం ఆయన తరవాతి మనిషి దగ్గర ఉంది. ఎల్‌డ్రిజ్ ఒకప్పుడు పనిచేసిన టెడ్డీ హిల్ బృందంలోకి 1937లో పంతొమ్మిదేళ్ళ డిజీ గిలెస్పీ వచ్చాడు. ఆ ఏడు మే నెలలో వాళ్ళు చేసిన ‘కింగ్ పోర్టర్ స్టాంప్’లో గిలెస్పీ సోలో వింటే అచ్చం ఎల్‌డ్రిజ్‌లా ఉంటుంది. కొన్నేళ్ళకి బీబాప్ అనే జాజ్ శైలిని పుట్టించినవాళ్ళలో ముఖ్యుడు ఈ గిలెస్పీయే. ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచి బీబాప్ దాకా ట్రంపెట్ నడిచిన దారి మధ్యలో ఒక సాక్సఫోన్ ఇంటి గుండా పోయింది.

1957లో ఎల్‌డ్రిజ్, హాకిన్స్ కలిసి చేసిన కచేరీ ‘ఎట్ ది ఓపెరా హౌస్’ పేరుతో రికార్డుగా వచ్చింది. ముందు ‘ది స్టాంపీడ్’లో హాకిన్స్ సోలో వినండి, తరవాత ‘హెక్లర్స్ హాప్’ వినండి, ఆ పైన ఈ కచేరీ పెట్టుకోండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి వాయిస్తుంటే ఎవరి మాట ఎవరు అందుకుంటున్నారో మీ చెవికే తెలుస్తుంది.