ఏమీ జరగని రాత్రుల లెక్క

1866 మే 12 రాత్రి ఐర్లండ్‌లోని ట్యూమ్ పట్టణంలో జాన్ బర్మింగ్‌హామ్‌కు ఉత్తర కిరీట మండలంలో ఒక కొత్త చుక్క కనిపించింది. ధ్రువనక్షత్రానికి దీటైన వెలుగు. కనిపెట్టిన ఘనత ఆయనదే. అయితే ఆ చుక్కను అలా వెలిగించిన పేలుడు ఎంత వేగంగా జరిగిందో తెలిసింది మరొకరి వల్ల. కొద్ది గంటల ముందే ఏథెన్స్‌లో యూలియస్ ష్మిట్ అదే మండలాన్ని పరిశీలించాడు. అప్పటికి అక్కడ అంత వెలుగున్న చుక్క లేదని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ ‘లేదు’ అన్న మాట లేకపోతే, అది గంటల్లోనే ఎగసిందని తేల్చే దారే ఉండేది కాదు. నోవాల, అంటే ఇలా ఉన్నట్టుండి పేలి వెలిగే చుక్కల, శాస్త్రాన్ని కట్టడంలో ఏమీ కనబడని రాత్రులను రాసిపెట్టినవారి పాలు, పేలుడును కనిపెట్టినవారి పాలుకు ఏ మాత్రం తీసిపోదని నా వాదన.

మే 16న విలియం హగ్గిన్స్ ఆ చుక్క వర్ణపటం చూశాడు. మామూలు నక్షత్రాల్లో ఉండే నల్లగీతలతో పాటు హైడ్రోజన్ మెరుపుగీతలు కనిపించాయి. నోవా వర్ణపటం మనిషి కంటబడటం అదే మొదలు. అక్కడ మండే వాయువు ఉందని తేలింది కానీ, అది ఎందుకు మండిందో తేలలేదు. సుమారు వారానికే చుక్క మామూలు కంటికి అందకుండా పోయింది. 1946 ఫిబ్రవరిలో మళ్లీ పేలింది. రెండు పేలుళ్ల లెక్కలనూ పక్కపక్కన పెడితే వెలుగు తగ్గిన తీరు ఒక్కటే. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొద్దిగా వెలగడమూ ఒక్కటే. తర్వాతి పరిశోధనలో అది జంట నక్షత్రమని తేలింది. ఒక శ్వేత కుబ్జం, ఒక అరుణ మహాతార సుమారు 227 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. పెద్దదాని హైడ్రోజన్ కుబ్జం మీద పేరుకుని, వేడెక్కి, అణుసంలీనంతో ఒక్కసారిగా భగ్గుమంటుంది. కుబ్జం మాత్రం చెక్కుచెదరదు. అందుకే మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది.

ఇప్పుడు రాత్రంతా ఆకాశాన్ని గాలించే యంత్రాలుండగా మనిషి కన్ను ఎందుకని అడగవచ్చు. ఆ యంత్రాలు వెనక్కి వెళ్లి 1945 నాటి రాత్రులను చూడలేవు. 1946 పేలుడుకు ముందు ఏడాదిలో వెలుగు కొంత మందగించిందన్న కీలకమైన ఆనవాలు నాటి పరిశీలకుల లెక్కల్లోనే ఉంది. అదే చుక్క 2024లో మళ్లీ పేలుతుందన్న అంచనా తప్పింది కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. కానీ బాగా నమోదైన రెండు పేలుళ్లతో గడియారం కట్టలేం. ఆ కొరత తీర్చేది మరిన్ని రాతలే. వేసవి రాత్రుల్లో ఉత్తర కిరీటం స్వాతి నక్షత్రానికి తూర్పున, మన నడినెత్తికి దగ్గరగా వస్తుంది. చూడండి. తేదీ, సమయం రాయండి. కొత్త చుక్క కనబడకపోతే ‘లేదు’ అనీ రాయండి.